ఒంగోలు గిత్త గొప్పదే, దాని మాంసంలో ఇనుమెంత?

2025 ఫిబ్రవరిలో తెలుగు పేపర్లూ టీవీలూ వాట్సాప్ గ్రూపులూ ఒక ఆవు ఫొటోతో నిండిపోయాయి. బ్రెజిల్‌లో వియాటినా-19 అనే నెలోర్ ఆవు మన లెక్కలో దాదాపు 40 కోట్ల రూపాయలు పలికిందన్నది వార్త. దాని బరువు 1,101 కిలోలు. మన ఒంగోలు ఆవు, మన ప్రకాశం జిల్లా కీర్తి, మన జాతి గౌరవం అంటూ పోస్టులు తిరిగాయి. మేం చూసిన వార్తల్లో ఒక్క మాట మాత్రం ఎక్కడా లేదు. బ్రెజిల్ వాళ్ళు ఆ పశువును ఎందుకు పెంచుతున్నారు? పాల కోసం కాదు. దుక్కి కోసం కాదు. పూజ కోసం అసలే కాదు. కోసి తినడానికి, కోసి అమ్మడానికి. ప్రపంచంలో గొడ్డు మాంసాన్ని అందరికన్నా ఎక్కువగా ఎగుమతి చేసే దేశం బ్రెజిల్. ఆ వ్యాపారం నిలబడింది ఒంగోలు గిత్త సంతానం మీదే.

ఈ మాటను దాచి ఆ ఆవును పొగడటం మనకు కొత్త కాదు. ఊళ్ళో గిత్త గొప్పది, దాన్ని కాచినవాడు తక్కువవాడు. దాని బొమ్మ కూడలిలో ఉండాలి, దాని కూర మాత్రం వాడ దాటి బయటికి రాకూడదు. ఇది మనం పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. ఈ వ్యాసంలో మేం మాట్లాడదలచింది అక్కడితో ఆగేది కాదు. ఆ గిత్త మాంసంలో ఇనుము, జింక్ లాంటి ఖనిజాలు ఎంత ఉంటాయి, అందులో జన్యువుల పాత్ర ఎంత, ఆ లెక్క ఎవరు తీశారు, మన దగ్గర ఎందుకు తీయలేదు అన్నది ప్రశ్న. వినడానికి ఇది లాబొరేటరీ సంగతిలా ఉంటుంది. మిరపకాయలు కోసే ఆడవాళ్ళ రక్తానికీ దీనికీ సంబంధం ఉంది కాబట్టి రాస్తున్నాం.

ముందు కాస్త చరిత్ర. ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుకే సముద్రం దాటిన మన పశువుకు అక్కడ నెలోర్ అని పేరు పడింది. 1868లో ఇంగ్లండు పోతున్న ఓడ ఒకటి సాల్వదోర్ రేవులో ఆగినప్పుడు అందులోని ఒంగోలు జతను అక్కడే అమ్మేశారని బ్రెజిల్ పశువుల చరిత్రలో చెప్పుకుంటారు. చివరి పెద్ద విడత వెళ్ళింది 1960ల మొదట్లో. ఆ విడతలో వెళ్ళిన ఒక ఆబోతుకు ఒంగోలు పక్కనున్న ఊరి పేరే పెట్టారు, కరవది. ఇవాళ బ్రెజిల్‌లో ఉన్న 20 కోట్లకు పైగా పశువుల్లో ఎక్కువ వాటిలో నెలోర్ రక్తమే ఉంది. అసలు మూపురం పశువుల జన్యుపటాన్ని మొదట కూర్చింది కూడా, 2012లో, ఒక నెలోర్ ఆబోతు నుంచే. గుండ్లకమ్మ ఒడ్డున పుట్టిన పశువు జన్యువులను చదివిన పుస్తకం పోర్చుగీసు మాట్లాడే దేశంలో తెరుచుకుంది.

ఆ పుస్తకంలోనే ఖనిజాల పేజీ కూడా ఉంది. బ్రెజిల్ ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపాకు సావో కార్లోస్‌లో పశువుల కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు, అమెరికాలోని తోటి శాస్త్రవేత్తలతో కలిసి, 34 ఆబోతులకు పుట్టిన 373 నెలోర్ కోడెల వీపు కండను పరీక్షించి 2015లో ఫలితాలు అచ్చు వేశారు. కాల్షియం, రాగి, ఇనుము, పొటాషియం, మెగ్నీషియం, మాంగనీస్, సోడియం, ఫాస్ఫరస్, గంధకం, సెలీనియం, జింక్ అని మొత్తం 11 ఖనిజాలు కొలిచారు. ఒక్కో పశువు జన్యువుల్లో లక్షల చోట్ల ఏ అక్షరం ఉందో చూసి, ఏ చోటు తేడాకు మాంసంలో ఏ ఖనిజం తేడా కలుస్తోందో వెతికారు. తేలింది ఇది. కొన్ని ఖనిజాల విషయంలో పశువుకూ పశువుకూ ఉన్న తేడాలో దాదాపు మూడో వంతు దాకా జన్యువుల వల్ల వస్తోంది. మిగతా ఖనిజాల్లో ఆ వాటా ఇంకా బాగా తక్కువ. అంతకు రెండేళ్ళ ముందు అమెరికాలో 2 వేలకు పైగా ఆంగస్ పశువుల మీద ఇలాంటి పనే జరిగింది. అందులో ఇనుము విషయంలో జన్యువుల వాటా దాదాపు సగం దాకా వచ్చింది, జింక్ విషయంలో చాలా తక్కువ వచ్చింది.

ఇక్కడ విద్యార్థులు ఒక సంగతి జాగ్రత్తగా చూడాలి. మూడో వంతు జన్యువులది అంటే మాంసంలోని ఇనుములో మూడో వంతును జన్యువులు తయారు చేస్తాయని కాదు. ఇనుమును ఏ జన్యువూ తయారు చేయలేదు. అది మట్టిలో నుంచి గడ్డిలోకి, గడ్డిలో నుంచి కడుపులోకి రావాల్సిందే. వచ్చినదాన్ని పేగు ఎంత పీల్చుకుంటుంది, కార్జం ఎంత దాస్తుంది, కండ ఎంత తీసుకుంటుంది అన్న దగ్గర జన్యువులు పని చేస్తాయి. ఒకే కొట్టంలో ఒకే మేత తిన్న కోడెల మధ్య కనపడే తేడాలో జన్యువుల పాలు ఎంత అని మాత్రమే ఆ లెక్క చెబుతుంది. మేత మారితే, నేల మారితే, వయసు మారితే ఆ లెక్కే మారిపోతుంది. సావో కార్లోస్‌లో వచ్చిన అంకెను తెచ్చి చీమకుర్తి ఎద్దుకు అతికించడం కుదరదు. ఒక జాతి మాంసం పుట్టుకతోనే బలమైనదని ఆ అంకెతో చెప్పడం అంతకన్నా కుదరదు.

మరి ఇనుము తేడాను ఏది ఎక్కువగా నడిపిస్తుంది? కండకు ఎరుపు రంగునిచ్చే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్‌ను చూస్తే సగం కథ అర్థమవుతుంది. దాని నడుమ ఇనుము కూర్చుని ఉంటుంది. లేగదూడ మాంసం పాలిపోయినట్టు ఉంటుంది, ఎందుకంటే దాని కండలో మయోగ్లోబిన్ తక్కువ. వయసు పెరిగే కొద్దీ అది పెరుగుతుంది. బాగా పని చేసే కండలో ఇంకా ఎక్కువ. కాబట్టి పదేళ్ళు కాడి మోసిన ముసలి ఎద్దు తొడ కండ నల్లగా, ఎర్రగా, గట్టిగా ఉంటుంది. పెద్ద హోటళ్ళవాళ్ళు దాన్ని ముట్టరు. వాళ్ళకు లేత పశువు మెత్తటి ముక్క కావాలి. ఇనుము లెక్కన చూస్తే మాత్రం వాళ్ళు వదిలేసిన ముక్కే గట్టి ముక్క. గంటల కొద్దీ ఉడికించాల్సి వస్తుందని మన అమ్మలు తిట్టుకుంటూ వండిన కూర అదే. ఇక కార్జంలో కండకన్నా రెండింతలకు పైగా ఇనుము ఉంటుంది. ఖరీదైన కండ కొనలేక వాడ తెచ్చుకున్న కార్జం, గుండె, తలకాయ, బోటి కథ కూడా ఒకసారి తిరగేసి చదవాలి. లేమిలో మనవాళ్ళు ఎంచుకున్నవన్నీ పోషకాహారం ప్రకారం తెలివైన ఎంపికలేనని మేం అనడం లేదు. లేమిని శృంగారించడం మాకు ఇష్టం లేదు. అయితే నీచమని ముద్ర వేసినదాన్ని కొలిచి చూడకుండానే నీచమన్నారు, అంతే.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న చట్టం కూడా ఈ వయసు లెక్కతో ముడిపడి ఉంది. 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ప్రకారం ఆవునూ దూడనూ కోయకూడదు. ఎద్దును, ఆబోతును, గేదెను కోయాలంటే అది ఇక దుక్కికి, పాలకు, ఈతకు పనికిరాదని అధికారి ధ్రువపత్రం ఇవ్వాలి. అంటే మనకు చట్టబద్ధంగా దొరికే మాంసం ఎప్పుడూ రైతుకు పనికిరాకుండా పోయిన పశువు మాంసమే. తినేవాడి కోసం పెంచిన పశువు ఈ రాష్ట్రంలో చట్టం దృష్టికి రాదు. బ్రెజిల్‌లో నెలోర్ కోడెను రెండు మూడేళ్ళకే కోస్తారు కాబట్టి అక్కడ ఎదుగుదల, మెత్తదనం, ఖనిజాలు ఎంచి ఎంచి పెంచుతారు. మన దగ్గర మాంసం అన్నది పశువు జీవితం చివర్లో మిగిలే వస్తువు. మిగులు మీద ఎవరూ పరిశోధన చేయరు.

లాం ఫారంలో, చదలవాడలో, నెల్లూరు జిల్లా చింతలదేవిలో ఒంగోలు జాతిని కాపాడే పని జరుగుతోంది. వీర్యం నిల్వలు, పిండ మార్పిడి, పాల దిగుబడి, ఆబోతుల ఎంపిక. మంచిదే. ఆ జాతి పోకూడదని మేమూ కోరుకుంటాం. అయితే ఆ పని మాటల్లో మాంసం అన్న మాట వినపడదు. హైదరాబాద్ పక్కన చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. దేశంలో మాంసం మీద ప్రత్యేకంగా పనిచేసే కేంద్ర సంస్థ అది. అక్కడ జన్యు పరీక్ష చేసే శక్తి ఉంది. ఆ శక్తి దేనికి వాడుకలోకి వచ్చిందో చూడండి. పోలీసులు పట్టుకొచ్చిన ముక్క ఆవుదా, గేదెదా అని తేల్చడానికి. అదే జన్యుశాస్త్రంతో సావో కార్లోస్‌లో మాంసంలో ఇనుము ఎక్కడి నుంచి వస్తుందో వెతికారు. ఇక్కడ ముక్క ఏ పశువుదో తేల్చి కేసు కడతారు. తప్పు ఆ సంస్థలోని శాస్త్రవేత్తలది కాదు. వాళ్ళు మాంసం నాణ్యత మీద, శుభ్రత మీద పనికొచ్చే పనులు చాలా చేశారు. వాళ్ళ దగ్గరికి సర్కారు ఏ ప్రశ్న పట్టుకుపోతోందన్నదే మా అభ్యంతరం.

హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహారాల పోషక పట్టికలను కొత్తగా వేసింది. 528 ఆహారాలు. అందులో గొడ్డు మాంసం కూడా ఉంది, అందుకు మెచ్చుకోవాలి. అయితే ఏ జాతి పశువో, ఎంత వయసుదో, ఏ మేత తిన్నదో ఆ పట్టిక చెప్పదు. దేశం మొత్తానికి ఒక సగటు అది. పల్నాడు నల్లరేగడిలో కాడి మోసిన ఎద్దు తునకలకూ, కేరళలో కోసిన పశువు ముక్కకూ అందులో తేడా లేదు.

ఇప్పుడు రక్తం దగ్గరికి వద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అయిదేళ్ళ లోపు పిల్లల్లో 63.2 శాతం. అంతకు ముందు సర్వేలో పిల్లల సంఖ్య 58.6 శాతం. తగ్గాల్సింది పెరిగింది. రక్తహీనతకు ఇనుము ఒక్కటే కారణం కాదు. బి12 లేమి, ఫోలేట్ లేమి, నులిపురుగులు, చిన్న వయసు కాన్పులు, వరుస కాన్పులు అన్నీ ఉన్నాయి. అయినా ఇనుము పెద్ద కారణం. పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం ఒక ఆడమనిషికి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఇంత ఎక్కువ ఎందుకంటే మన అన్నం, పప్పు, ఆకుకూరల్లోని ఇనుములో ఒంటికి పట్టేది చాలా తక్కువ అని ఆ సంస్థే ఒప్పుకుని లెక్క వేసింది కాబట్టి.

వంద గ్రాముల ఎర్ర మాంసంలో సుమారు రెండు నుంచి మూడు మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. అంకె చిన్నదే. కాని అందులో చాలా భాగం హీమ్ ఇనుము, అంటే రక్తంలో ఉన్న రూపంలోనే ఉన్న ఇనుము. ఇది ఆకుకూర ఇనుముకన్నా కొన్ని రెట్లు మెరుగ్గా ఒంటికి పడుతుంది. ఇంకో సంగతి. అదే కంచంలో ఉన్న అన్నం, గోంగూరల్లోని ఇనుమును కూడా మాంసం ఒంటికి పట్టేలా చేస్తుంది. గోంగూరలో పెద్దకూర వేసి వండిన గుంటూరు ఆదివారాన్ని ఏ పోషకాహార నిపుణుడూ కాదనలేడు. దీనికి జింక్, బి12 అదనం. బి12 మొక్కల్లో దొరకదు. మిరప కోతల రోజుల్లో పొద్దున చీకటితో ఆటో ఎక్కి, పొద్దుగూకేదాకా నడుం వంచి కోసి, ఘాటుకు తుమ్ముతూ దగ్గుతూ ఇంటికి చేరే ఆడమనిషికి ఎన్ని మిల్లీగ్రాములు అందుతున్నాయో ఎవరైనా కొలిచారా? గుంటూరు మిర్చి యార్డులో కాయ రంగునూ తేమనూ కొలుస్తారు.

2021 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద నుంచి ప్రకటించిన తర్వాత రేషన్ బియ్యంలో ఇనుము పొడి కలిపిన గింజలు రావడం మొదలైంది. అదీ మంచికే అనుకుందాం. దాని మీద వైద్యుల్లో వాదాలు ఉన్నాయి, ఇక్కడ వాటిలోకి పోం. కాని ఒక ప్రభుత్వం ఒక చేత్తో ఇనుము పొడిని బియ్యంలో కలుపుతూ, ఇంకో చేత్తో ఇనుము ఉన్న తిండిని అనుమానితుడిలా చూడటం ఏ శాస్త్రం? 2017 మే 23న కేంద్రం పశువుల సంతల్లో కోతకు అమ్మకాలు జరగకూడదని నియమాలు తెచ్చింది. ఆ జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటా వాటి అమలును ఆపింది. నియమాలు ఆగినా సంతల్లోకి దిగిన భయం ఆగలేదు. 2016 ఆగస్టులో అమలాపురంలో కరెంటు షాక్‌తో చచ్చిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరు దళిత అన్నదమ్ములను కట్టేసి కొట్టారు. ఉనా జరిగి అప్పటికి నెల కూడా కాలేదు. భయం వల్ల పశువు రవాణా ఖర్చు పెరుగుతుంది, లంచం పెరుగుతుంది, ఆ రెండూ కలిసి కూర ధరలోకి వస్తాయి. ఆ ధర చూసి వారానికి ఒకసారి తినే ఇల్లు నెలకు ఒకసారికి దిగుతుంది. జన్యువుల వల్ల రెండు పశువుల మాంసాల మధ్య వచ్చే ఇనుము తేడా వంద గ్రాములకు మిల్లీగ్రాములో కొంత మాత్రమే. ఆదివారం కూర మానేసిన ఇంట్లో పోయేది దానికి ఎన్నో రెట్లు.

జన్యువుల వాటా మూడో వంతు అనుకుంటే మిగతా రెండు వంతులు ఎక్కడివి? వయసు కొంత. మిగతాది నేల, మేత. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఈ కథ పశువుల కథ మాత్రమే కాదు. సున్నం ఎక్కువున్న నల్లరేగడి నేలల్లో జింక్, ఇనుము ఉన్నా మొక్క వేళ్ళకు అందకుండా బిగుసుకుపోతాయి. ఆకులు పాలిపోతే జింక్ సల్ఫేట్ చల్లడం రైతులకు తెలిసిందే. నేలలో అందనిది గడ్డిలోకి రాదు, గడ్డిలోకి రానిది కండలోకి సరిగా రాదు. ఒంగోలు పశువును ఒంగోలు పశువుగా నిలబెట్టింది జన్యువులు ఒక్కటే కాదు. జొన్న చొప్ప, జనుము, పిల్లిపెసర, ఏటి ఒడ్డు బీళ్ళు, ఊరి పోరంబోకు. పత్తీ మిరపా వచ్చాక ఆ మేత పోయింది. పత్తి కట్టెను పశువు తినదు, తగలబెట్టాలి. మిరప కట్టె అంతే. జొన్న వేసిన చేనులో మనిషికి గింజ, పశువుకు చొప్ప ఉండేవి. మిరప వేసిన చేనులో యార్డుకు కాయ, మందుల షాపుకు అప్పు మిగులుతాయి. ట్రాక్టర్ వచ్చాక ఎద్దే అక్కర్లేకుండా పోయింది. ఇవాళ ఒంగోలు గిత్త ఎక్కువగా కనపడేది సంక్రాంతికి బండలాగుడు పోటీల్లో. ఆ గిత్తలకు పెట్టే ఉలవలు, ఖనిజ మిశ్రమాల ఖర్చు వింటే కూలి ఇళ్ళలో ఆశ్చర్యపోతారు. మిగతా ఊరంతా గేదెలే.

బీళ్ళు, పోరంబోకులు పోవడం అంటే అందరికీ ఒకటే నష్టం కాదు. భూమి ఉన్నవాడు చేలో గడ్డి వేసుకుంటాడు. భూమి లేని మాదిగ, మాల ఇంటికి ఒక గేదో ఒక దూడో ఉంటే అది పోరంబోకు మీదే బతికేది. పశువుల్ని కాచిన పాలేర్లు, జీతగాళ్ళు, చిన్న పిల్లలు మనవాళ్ళే. చచ్చిన పశువును ఊరి బయటికి ఈడ్చింది, తోలు తీసింది, దాన్ని కాడి పట్టెడగా, మోట తోలుగా, చెప్పుగా మార్చి ఊరికి తిరిగిచ్చింది మాదిగలు. ఏ గిత్తకు ఎక్కడ గాయముందో, ఏది మేత సరిగా తినడం లేదో, ఏది నిలబడుతుందో వాళ్ళ కళ్ళకు తెలిసినంత ఎవరికి తెలుసు? ఒంగోలు జాతిని పెంచిన రైతుల పేర్లు చరిత్రలో ఉన్నాయి, ఉండాలి కూడా. కాచినవాళ్ళ పేర్లు ఏ పశువుల రిజిస్టర్లోనూ లేవు.

ఈ జిల్లాల్లో పశువు ఎప్పుడూ పశువు మాత్రమే కాదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. అప్పుడది ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల. గొడవ మొదలైంది మాదిగలు తాగే నీళ్ళ చెరువు దగ్గర, గేదెలకు కుడితి పెట్టిన బకెట్ల దగ్గర. ఆ నీళ్ళు పాడు చేయొద్దని అడిగినందుకు. పశువు కుడితికున్న విలువ తాగే మనిషికి లేకపోయింది. ఖనిజాల గురించి రాస్తూ కారంచేడు ఎందుకు అని ఎవరైనా అనొచ్చు. పశువు తాగేదాన్నీ మనిషి తాగేదాన్నీ, పశువు తినేదాన్నీ మనిషి తినేదాన్నీ ఎవరు తూకం వేస్తారన్నదే రెండు చోట్లా ఉన్న ప్రశ్న.

మనలోనే దీని మీద ఒకటే మాట లేదు, దాన్ని దాచుకోనక్కర్లేదు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దగ్గర బాప్తిస్మం తీసుకున్న మాదిగలు చచ్చిన గొడ్డు మాంసం మానేస్తామని మాట ఇచ్చేవాళ్ళు. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లిలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నప్పుడు, కరువు అప్పుడే దాటిన జనం ఇచ్చిన మాట అది. ఎంత కష్టమైన మాటో ఊహించుకోండి. 1927లో మహద్‌లో అంబేడ్కర్ కూడా చచ్చిన పశువు మాంసం తినొద్దనే చెప్పాడు. 1948లో ఆయనే అంటరానితనం మూలాల మీద రాసిన పుస్తకంలో గొడ్డు మాంసం తినడం మానని జనాన్ని ఎలా వెలివేశారో వాదించాడు. ఒకటి ఊరు విసిరేసిన కళేబరానికి మనిషిని కట్టేయడం. రెండోది తన ఇష్టంతో తన డబ్బుతో తాజా మాంసం కొనుక్కోవడం. ఈ రెండింటినీ ఒకటిగా కలిపి మాట్లాడే వాళ్ళు అటూ ఉన్నారు, ఇటూ ఉన్నారు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ పెట్టిన విద్యార్థులు అడిగింది రెండోది. అప్పటి చర్చ హక్కు చుట్టూ, గౌరవం చుట్టూ తిరిగింది. పోషకాల లెక్క అందులో ఎక్కువగా రాలేదు. ఇప్పుడు రావాలి.

లెక్క తెచ్చేటప్పుడు మనం ఒక ఉచ్చులో పడకూడదు. జన్యువు అనగానే మన సమాజంలో రక్తం గుర్తుకొస్తుంది, రక్తం అనగానే స్వచ్ఛత. పశువుకూ మనిషికీ ఒకే మాట వాడతాం, జాతి. శుద్ధ ఒంగోలు జాతి అన్న మాటను ఎవరు ఎంత ఇష్టంగా పలుకుతారో వినండి, వాళ్ళే మనుషుల గురించీ అదే గొంతుతో మాట్లాడతారు. కాని 34 ఆబోతుల సంతానాన్ని చూసిన ఆ పరిశోధనే చెబుతోంది. ఒకే జాతి లోపల, ఒకే కొట్టంలో, ఒకే ఆబోతు పిల్లల మధ్య కూడా తేడాలు బోలెడు. ఖనిజాల్లో ఎక్కువ వాటా పుట్టుకది కాదు, పెట్టిన మేతది, నిలబడిన నేలది, బతికిన బతుకుది. మా మాంసం మంచిది ఎందుకంటే మా పశువు శుద్ధ జాతిది అని మనం వాదించబోతే అవతలివాళ్ళ మాటనే మన నోటితో పలికినట్టు. వాడకు వచ్చేది ఒంగోలు ఎద్దూ కావచ్చు, నాటు ఎద్దూ కావచ్చు, ముర్రా సంకరపు గేదె పోతూ కావచ్చు. చాలా వారాల్లో గేదే. తినేవాడికి కావాల్సింది దాని వంశవృక్షం కాదు.

మరి ఏం అడగాలి? ఒకటి, పోషకాహార సంస్థా మాంస పరిశోధన సంస్థా కలిసి ఈ జిల్లాల వాడల్లో నిజంగా అమ్ముడుపోతున్న మాంసాన్ని కొలవాలి. చట్టం ఒప్పుకునే ఎద్దు, గేదె మాంసంతోనే ఈ పని చేయొచ్చు, ఎవరి మనోభావాలకూ అడ్డం లేదు. తొడ, వీపు, కార్జం, గుండె, బోటి, ఎండబెట్టిన తునకలు విడివిడిగా. తునకల సంగతి మాకు ప్రత్యేకంగా తెలుసుకోవాలని ఉంది. నీరు పోయాక గ్రాముకు ఇనుము పెరుగుతుంది, అది లెక్క. ఎండలో, పొగలో, నెలల నిల్వలో ఆ హీమ్ ఇనుము ఎంతవరకు అదే రూపంలో మిగులుతుందన్నది ఇంటింటికీ తేడా పడే సంగతి. రెండు, లాం, చదలవాడల్లో ఒంగోలు జన్యువుల మీద పెట్టే ప్రజల డబ్బులో కొంత ఈ ప్రశ్నకు పెట్టాలి. మూడు, ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి సులువు చేసి, మండలానికో శుభ్రమైన కోతశాల ఉంటే పశువు వయసు, మేత, ఊరు అన్నీ కాగితం మీద ఉంటాయి. ఆ కాగితం ఉంటే పోలీసు లంచమూ తగ్గుతుంది, పరిశోధనకు నమూనా కూడా దొరుకుతుంది.

వెటర్నరీ, హోం సైన్స్, బయోటెక్నాలజీ చదువుతున్న మన పిల్లలు ఇది చదువుతుంటే వాళ్ళకు ఒక మాట. ఎంఎస్సీ ప్రాజెక్టుకు జన్యు చిప్ అక్కర్లేదు. అంత డబ్బు ఎవరూ ఇవ్వరు కూడా. ఇనుము, జింక్ కొలిచే యంత్రం చాలా యూనివర్సిటీల్లో ఉంది. ఆదివారం తెల్లవారుజామున చీకటి ఉండగానే వాడలో అంగడి దగ్గరికి వెళ్ళండి, కోత పూర్తయ్యేలోపే. ఒకే చోటి కండను ప్రతి పశువు నుంచి తీసుకోండి, కత్తి ఇనుము అంటకుండా పైపొరను తీసేయండి. పళ్ళు చూసి వయసు రాసుకోండి, ఏ ఊరి పశువో, దుక్కిదా పాలదా, ఏం మేసేదో అమ్మినవాళ్ళను అడిగి రాసుకోండి. అడిగేటప్పుడు ముందు మీరెవరో చెప్పండి. మన అంగళ్ళ దగ్గరికి నోట్‌బుక్ పట్టుకుని వచ్చేది ఇప్పటిదాకా పోలీసులే.